తడిమట్టి గది

మా ఆయన నాకు మేనత్త కొడుకు. ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. కిడ్నీలు పాడయ్యాక ఆయన్ని రోజు విడిచి రోజు డయాలసిస్‌కు పలాస తీసుకెళ్తున్నాను. నీళ్లు కొలిచి తాగాలి. ఇంటికొస్తే సిమెంటు గోడలు, పైన రేకులు. వేసవిలో ఆ గదిలో పడుకుంటే నాకే నాలుక పిడచగట్టుకుపోయేది, ఆయన సంగతి చెప్పాలా?

“గది లోపలంతా మట్టి మెత్తేద్దామే. నా సిన్నప్పుడు మట్టిళ్లల్లో ఎండే తెలిసీది కాదు,” అంది అత్త.

జీడితోటలోంచి ఎర్రమట్టి తెచ్చి, ఊక, పేడ, ఇసుక కలిపి నానబెట్టి తొక్కాం. మట్టి పట్టుకోవడానికి గోడల నిండా గాట్లు పెట్టాం. రేకుల కింద వెదురు తడక కట్టి దానికీ అడుగు నుంచి మెత్తాం. తలెత్తి మెత్తీ మెత్తీ మెడలు పట్టేశాయి. బావ వరండాలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే, ఆరని గోడకు చెంప ఆనించి నిలబడి ఉన్నాడు.

“ఏటి సేత్తన్నావు బావా?”

“తొలకరి వాసనే ఇది. దాహం ఆగట్లేదు.”

నవ్వి ఊరుకున్నాను. బోరింగు దగ్గర చేతులు కడుక్కుని, దోసిళ్లతో కడుపు నిండా తాగాను. తిరిగొచ్చేసరికి మట్టి కలపడానికి తెచ్చిపెట్టిన బిందె పక్కన బావ కూర్చుని ఉన్నాడు. చొక్కా ముందంతా తడిసి ఉంది. బిందెలో నీళ్లు సగానికి దిగిపోయాయి.

సాయంత్రానికి ఊపిరి అందలేదు. ఆటోలో ఆయన తల నా భుజం మీదే పెట్టుకుని పలాస చేరాం. “ఎందుకు తాగనిచ్చారమ్మా?” అని నర్సు అడిగింది. చల్లదనం కోసం చేసిన పని ఆయన్ని ఇంత దాహంలోకి తోస్తుందని నాకు తోచనే లేదు. దాహమని నోరు విప్పి చెప్పినప్పుడైనా తోచి ఉండాల్సింది.

ఒంట్లో చేరిన నీరు తీసేశాక కోలుకున్నాడు. ఇంటికొచ్చేసరికి గోడలు ఆరిపోయాయి, వాసనా పోయింది. ఆ మధ్యాహ్నం ఫ్యాను లేకుండానే నిద్రపోయాడు. లేచాక నా మొహం చూసి, “నీ తప్పేటున్నాదే? తాగింది నాను కదా. గది బాగున్నాది,” అన్నాడు.

ఆ మాట విన్నాక ఇంకా బాధేసింది.

ఈమధ్య పైకప్పు మూల మట్టి పగుళ్లిచ్చింది. తడిమట్టితో పూడ్చాలి. అత్త రోజూ అడుగుతోంది. రేపు చూద్దాం అంటున్నాను.