మా అమ్మకు అన్నలా కనిపించిన తమ్ముడు

పొద్దున్నే మా అత్త ఫోన్ చేసింది. "మీ మావయ్య ఎల్లిపోనాడమ్మా. టీ ఇస్తే అందుకోనేదు," అంది. బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళో నేనుండేది ఇందా అనే పేటలో. వాళ్ళది న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్. అమ్మను ఆటోలో తీసుకుని వెళ్ళేసరికి వరండా నిండా జనం. ఆయన తల దగ్గర కూర్చుని ఏడుస్తున్న అమ్మను వెనక వీధి బెంగాలీ ఆవిడ భుజం పట్టుకుని ఓదార్చింది. ఏడవకు దీదీ, వయసైపోయిన మనిషి, మీ అన్నగారు బాధపడకుండా వెళ్ళారు అంది. అమ్మ తలెత్తి, "అమార్ ఛోటో భాయ్," అంది. నా తమ్ముడు అని.

మా మావయ్యకు యాభై మూడేళ్ళు. అమ్మకన్నా ఏడేళ్ళు చిన్న.

నా చిన్నప్పుడు ఆయన ఫుట్‌బాల్ ఆడేవాడు. లెఫ్ట్ వింగ్. బంతి కాలికి తగిలిందంటే గీత పట్టుకుని పరిగెత్తేవాడు, మైదానం చుట్టూ నిలబడ్డవాళ్ళు కూడా గట్టు మీద ఆయనతో పాటు పరిగెత్తేవారు. ఆ పరుగే ఆయనకు రైల్వేలో ఉద్యోగం తెచ్చిపెట్టింది. వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఆట అయ్యాక స్నేహితులతో కూర్చుని గంజాయి పీల్చడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. ఆట మానేశాడు, స్నేహితులు తలో ఊరికి బదిలీ అయిపోయారు, అది మాత్రం ఉండిపోయింది. రోజూ డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, పెరట్లో జామచెట్టు కింద పీట వేసుకునేవాడు. తర్వాత నాలుగు తులసాకులు నమిలి లోపలికి వచ్చేవాడు. ఆ వాసన దేనిదో పిల్లలమందరికీ తెలుసు.

అమ్మ దెబ్బలాడితే నవ్వేవాడు. "అక్కా, ఇది ఆకే కదే. సీసా కాదు, సిగరెట్టూ కాదు. సివుడు తాగనేదేటి?" అనేవాడు. ఆ నవ్వు చూస్తే కోపం నిలిచేది కాదు. మాకు కమలాపళ్ళు వొలిచి, తొన మీది తెల్లటి పీచు కూడా తీసి చేతిలో పెట్టేవాడు. వీధిలో ఎవరి సైకిల్ చైను తెగినా ఆయనే వేసిచ్చేవాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. మా అత్త ఒకసారి నాతో అంది: "తాగొచ్చి కొట్టే మొగుళ్ళని సూసినాను. ఈయన కొట్టడు, తిట్టడు. ఏటని గొడవ పడతాను?" ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మంచితనమే ఆయనకు అడ్డొచ్చిందనిపిస్తుంది. అల్లరి చేసే మనిషైతే ఇల్లంతా కలిసి పట్టు పట్టేవాళ్ళం.

నలభై దాటాక ఆయన ముఖం మారిపోవడం మొదలైంది. బుగ్గలు లోపలికి పోయాయి, చేతుల మీద చర్మం వదులైంది. మెట్లెక్కితే గుండె దడ. రైల్వేవాళ్ళ మెడికల్ పరీక్షలో నిలవక తేలిక పనిలో వేశారు. అమ్మా నేనూ బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరు అమ్మను చూసి, "బడే భాయ్?" అని అడిగాడు, అన్నగారా అని. కాదని తెలిశాక కార్డు మీద పుట్టిన తేదీ మళ్ళీ చూసుకున్నాడు. రక్తనాళాలు గట్టిపడ్డాయన్నాడు, ఊపిరితిత్తులు పాడయ్యాయన్నాడు. మీ ఒంటి వయసు కార్డులో వయసును దాటిపోయింది, అంతా గంజాయి వల్లేనని నేను రాసివ్వలేను, కానీ ఇన్నేళ్ళు రోజూ పొగ పీలిస్తే ఒళ్ళు ఊరుకుంటుందా అన్నాడు. మావయ్య "ఠీక్ హై డాక్టర్ సాబ్" అని లేచాడు. ఆ సాయంత్రం కూడా పెరట్లో పీట పడింది.

ఆయన్ని కదిలించింది డాక్టరు మాట కాదు. రెండేళ్ళ కిందట పాత ఆటగాళ్ళంతా కలిసి సరదాకి ఒక మ్యాచ్ పెట్టుకున్నారు. మావయ్య తెల్ల జోడు తుడుచుకుని వెళ్ళాడు, నన్నూ రమ్మన్నాడు. మైదానంలో ఆయన ఈడువాళ్ళు బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నారు. ఏర్పాట్లు చూస్తున్నవాళ్ళకు ఈయనెవరో తెలియలేదు. మర్యాదగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆయనకు ఆట నేర్పిన మేస్టారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. మేస్టారికి డెబ్బై దాటాయి. పెద్దలిద్దరికీ అని మైకులో చెప్పి ఇద్దరికీ శాలువాలు కప్పారు. మేస్టారు చాలాసేపు ఈయన్నే చూసి, "నాకన్నా ముందెల్లిపోతన్నావేట్రా?" అన్నారు. మావయ్య ఆట అయిపోయేదాకా శాలువా తియ్యకుండా అలాగే కూర్చున్నాడు.

ఆ రోజుతో గంజాయి మానేశాడు. సులువుగా కాదు. నిద్ర పట్టేది కాదు, ఒళ్ళంతా చెమటలు, అన్నం చూస్తే వికారం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి అత్త మీద అరిచాడు. నేను నొచ్చుకుంటే అత్త, "తిట్టనీ అమ్మా. మడిసి ఇంట్లోకొచ్చినాడు," అంది.

మానేస్తే పోయిన వయసు తిరిగొస్తుందని ఆయన నమ్మాడు. రాలేదు. ఇంకా పాడవకుండా ఆగుతుందేమో, అంతే అన్నాడు డాక్టరు. ఒకనాడు నాతో, "ఆ మత్తులో రోజు మెల్లగా నడిసినట్టుండేది అమ్మాయ్. ఒళ్ళు మాత్రం పరిగెట్టేసింది," అన్నాడు. అన్నిటికన్నా ఆయన్ని బాధపెట్టింది ఇంకొకటి. కూతురి చిన్నతనం ఆయనకు సరిగ్గా జ్ఞాపకం లేదు. అది నడక నేర్చింది ఈ క్వార్టర్లోనా, అంతకుముందున్న నిమ్‌పురా క్వార్టర్లోనా అని అత్తను అడిగేవాడు. ఆవిడ చెప్పేది, ఆయన వినేవాడు, కొన్నాళ్ళకు మళ్ళీ అడిగేవాడు. "నాను అక్కడే ఉన్నాను. ఉన్నాను గాని సూడనేదు," అన్నాడొకసారి, కూతురు కాఫీ కలుపుతుంటే అటే చూస్తూ.

నేను ఆయన్ని చివరిసారి చూసింది పోయిన చలికాలంలో. ఎండెక్కాక ఆయనా అత్తా గుడి నుంచి నడిచి వస్తున్నారు. ఆయన ప్రతి క్వార్టరు గేటు దగ్గరా ఆగి, చువ్వలు పట్టుకుని, లోపలివాళ్ళను పేరు పెట్టి పిలిచి బంతిపూలు బాగా పూశాయనో, కొత్త రంగు బాగుందనో అంటున్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడని ఎవరూ అనుకోకూడదు. అత్త కాస్త ముందు ఆగేది. తన కోసం ఆగిందని ఆయనకు తెలియకుండా, వెనక్కి చూడకుండా, కుచ్చిళ్ళు సర్దుకుంటూ నిలబడేది. ఆయన చెప్పు చప్పుడు మళ్ళీ వినిపించాకే అడుగు వేసేది.