పదిహేడో ఎక్కం

ఆసుపత్రి వెనక వరండా చివరి గదిలో, పోయినవాళ్ళకి స్నానం చేయించడం ఆవిడ ఉద్యోగం. అందరూ స్నానాలమ్మ అంటారు. ఎదురుపడితే కొందరు పక్కకి తప్పుకుంటారు గానీ, తమ ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం ఆవిడే కావాలంటారు. ఆ చేతుల్లో తొందర ఉండదు మరి. నీళ్ళు తన మోచేతి మీద పోసుకుని వేడి చూసుకుంటే గానీ వాళ్ళ ఒంటి మీద పోయదు. వాళ్ళకేం తెలుస్తుందని ఎవరైనా నవ్వితే, "నాకు తెలుస్తుందిగా" అంటుంది.

ఆవిడకి దేవుడంటే గట్టి గురి. నోట్లో ప్రార్థన ఆడితే తప్ప చెయ్యి ఆడదు. మొదటి చరణానికి మొహం, రెండోదానికి కుడిచెయ్యి, మూడోదానికి ఎడమది. ఏ మతం మనిషి వచ్చినా అంతే. బయట బంధువులు తమ దేవుణ్ణి తలుచుకుంటుంటే, లోపల ఈవిడ తన దేవుణ్ణి తలుచుకునేది. అడ్డు చెప్పినవాళ్ళు లేరు. చెప్పగలిగేవాళ్ళు ఆ బల్ల మీదకి రారు కదా!

లెక్కల టీచరు మాత్రం ముందే చెప్పింది. చిన్నప్పుడు స్నానాలమ్మకి ఎక్కాలు నేర్పింది ఆవిడే. పదిహేడో ఎక్కంలో ఏడు దగ్గరికి వచ్చేసరికి ఈవిడ నాలుక మడతపడేది. ఇద్దరికీ జుట్టు నెరిసినా టీచరు ఆ వేళాకోళం మానలేదు. టీచరుకి ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. పై వార్డులో మంచం పట్టాక ఒక సాయంత్రం స్నానాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"నన్ను నువ్వే కడగాలి. కానీ నా మీద ప్రార్థన చెయ్యకు. ఇంటికెళ్ళి నీ దేవుడితో ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం, దానికి నేను అడ్డురాను. నా ఒంటి దగ్గర మాత్రం వద్దు. మాటివ్వు."

ఇన్నేళ్ళలో తను ఎవరినీ అడగనేలేదన్న సంగతి స్నానాలమ్మకి అప్పుడు తట్టింది. మాటిచ్చింది. ఇచ్చింది గానీ, ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. ప్రార్థన లేకుండా పంపితే ఈ మనిషి ఏమైపోతుందోనని ఆవిడకి నిజంగానే భయం.

టీచరు పోయిన పొద్దున్న తమ్ముడు వచ్చాడు. తల్లి లేని ఇంట్లో అక్క చేతుల్లో పెరిగినవాడు. పరమ భక్తుడు. ఆయన దేవుడు వేరు, స్నానాలమ్మ దేవుడు వేరు. అక్క కోరిక విని ఆయన మొహం ముడుచుకుపోయింది. తమ ఇంట్లో ఎవరూ అలా వెళ్ళలేదని, ఎవరి దేవుడైతేనేం, మీకు వచ్చిన ప్రార్థనే చేయమని బతిమాలాడు. తలుపు వేశాక లోపల ఎవరు వింటారమ్మా అని కూడా అన్నాడు.

ఆ మాటే ఆవిడకి గుచ్చుకుంది. తలుపు వేశాక కూడా వినేవాడు ఒకడున్నాడనే కదా తన నమ్మకమంతా! ఆయన వింటుండగా మాట తప్పి, మళ్ళీ ఆయన పేరే ఎలా ఎత్తడం?

"మాటిచ్చానండీ," అని లోపలికి వెళ్ళింది. తలుపు ఓరగా వదిలేసింది.

దుప్పటి కప్పి, దాని కిందనుంచే కడగడం మొదలుపెట్టింది. మొహం అయింది, కుడిచెయ్యి అయింది. ఆ తరవాత చేతులకి దారి తోచలేదు. చూసుకుంటే, కడిగిన కుడిచేతినే మళ్ళీ కడుగుతోంది. ఎన్నడూ చేయని తప్పు. కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏళ్ళ తరబడి సుద్దముక్క పట్టుకున్న ఆ వేళ్ళ వంక చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు, తలవని తలంపుగా, నోటికొచ్చేసింది.

"పదిహేడు ఒకట్ల పదిహేడు. పదిహేడు రెళ్ళు ముప్ఫై నాలుగు."

చేతులు కదిలాయి. ఎడమచెయ్యి, భుజాలు, వీపు. ఒక్కో అంకెకీ చెంబెడు నీళ్ళు జారుతున్నాయి. దేవుడి పేరు ఒక్కసారీ ఎత్తలేదు, అయినా ఆయన తనకి ఇంత దగ్గరగా ఎన్నడూ నిలబడలేదనిపించింది. ఆయన కూడా ఊపిరి బిగబట్టి ఎక్కం వింటున్నాడనిపించింది. టీచరు గురించి పెట్టుకున్న భయమంతా ఏమైందో తెలియదు.

"పదిహేడు ఆర్లు నూట రెండు. పదిహేడు ఏడులు..."

ఆగిపోయింది.

"నూట పంతొమ్మిది."

ఆ మాట అందించింది తమ్ముడు. గుమ్మం దగ్గర, గోడవైపు మొహం తిప్పుకుని నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పందే అక్క అన్నం పెట్టేది కాదని చెప్పాడు. మిగతా ఎక్కం ఇద్దరూ కలిసి చెప్పారు. పది దాకా వచ్చేసరికి ఇంకా పాదాలు మిగిలే ఉన్నాయి.

"పద్దెనిమిదోది వచ్చా అన్నగారూ?" అని అడిగింది స్నానాలమ్మ.

"వచ్చు," అని ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, నీళ్ళ చెంబు అందుకున్నాడు.