పర్చూరు దాటాక ఒక కల్లం

మొన్న మా అమ్మాయి పండుమిరపకాయల తొడిమలు తీయడానికి చేతులకి డాక్టర్ల తొడుగులు వేసుకుని కూర్చుంటే, ఆపరేషన్ ఎవరికే అని అడిగాను. అది నవ్వలేదు. చేతులు మండితే రెండు రోజులు ల్యాప్‌టాప్ ముట్టుకోలేనంది. నిజమే, మిరప మంట కడిగితే పోయేది కాదని మన వైపు పుట్టినవాళ్లకి ఒకరు చెప్పాలా? నాకు మాత్రం ఆ తొడుగులు చూడగానే మా నాయనమ్మ చేతులు గుర్తొచ్చి, పచ్చడి సంగతి దానికే వదిలేసి లేచి వచ్చేశాను.

తొంభైల చివరి మాట. నేను గుంటూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ, సెలవుకి ప్రత్తిపాడు దగ్గర మా ఊరికి వచ్చి ఉన్నాను. మార్చి నెలలో ఒక పొద్దున, ఊళ్లో ఫోనున్న వాళ్లింటి నుంచి కబురొచ్చింది, ఒంగోలు అవతల ఉండే నాయనమ్మ అన్నగారికి ఏమీ బాగాలేదని, చెల్లెల్ని ఒక్కసారి చూడాలంటున్నాడని. అన్నాచెల్లెళ్లు మాట్లాడుకుని అప్పటికి ఇరవై మూడేళ్లు. కారణం మా నాన్న, పాపం ఆయన చేసిందేమీ లేకపోయినా. అన్నకూతుర్ని కోడలిగా చేసుకుంటానని నాయనమ్మ అడిగితే, ఆ పెద్దాయన పిల్లని బయట సంబంధానికి ఇచ్చాడు, అంతే. అడిగినట్టే ఇచ్చి ఉంటే ఈ ముక్కలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు కాబట్టి, ఆ తగాదాలో నేనెప్పుడూ ఎవరి పక్షమూ తీసుకోలేదు.

అద్దెకి అంబాసిడర్ కారు మాట్లాడుకుని బయల్దేరాం. ముందు డ్రైవరు పక్కన నాన్న, వెనక నాయనమ్మ, అమ్మ, నేను. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడని, పెళ్లిచూపులకి ఇరవై మూడేళ్లు ఆలస్యంగా వెళుతున్నారని అమ్మ ఒక చురక వేసింది. మామూలు రోజయితే నాయనమ్మ దానికి రెండు చురకలు తిప్పికొట్టేది. ఆ రోజు వినలేదు. కిటికీలోంచి చూస్తూ చూస్తూ, వెళ్లగానే ముందు తను పలకరించాలా, ఆయన పలకరించేదాకా ఆగాలా అని అమ్మని అడిగింది. నాకు తెలిసి అత్తగారు కోడలి సలహా అడగడం అదే మొదలు, అదే ఆఖరు. పెద్దవాడు, మంచంలో ఉన్నవాడు, మీరే పలకరించండి అత్తయ్యా అంది అమ్మ. నాయనమ్మ ఆ మాటకి చాలాసేపు తలూపుతూ కూర్చుంది.

పర్చూరు దాటాక ఒంగోలు వైపు ఆకాశం నల్లబడింది. రోడ్డు పక్కనే మిరప కల్లం, కనుచూపు మేర ఎర్రగా ఆరబోసిన కాయ, దాని మధ్య ఒక మొగుడూ పెళ్లాం ఇద్దరే అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. వాళ్లు మమ్మల్ని పిలవలేదు, చూడను కూడా లేదు. ఎండిన కాయ మీద వాన పడితే తెల్లబడి, ధర పలకని తాలుకాయ కింద పోతుందని, ఏడాది కష్టం గంటలో అయిపోతుందని కార్లో అందరికీ తెలుసు. డ్రైవరు తనంతట తానే నెమ్మదించాడు.

"ఆపరా. కళ్లెదురుగా కాయ తడుస్తుంటే ఎట్టా పోతాం?" అంది నాయనమ్మ.

నాన్న వెనక్కి తిరిగి, అవతల మామయ్య అని ఏదో అనబోయాడు.

"అరగంటేగా. ఆయనా మిరప పెట్టినోడే."

అందరికన్నా ముందు దిగింది ఆవిడే. డ్రైవరుతో సహా అందరం కాయని కుప్పలు చేస్తుంటే, చదువుకున్నదాన్ని కదా, నేను వేళ్లతో నాజూగ్గా తోస్తున్నాను. మల్లెపూలు కోస్తున్నావటే అని నన్ను పక్కకి నెట్టి, రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి ఎత్తిపోసింది డెబ్భై ఏళ్ల మనిషి. పట్టా కప్పి అంచుల మీద రాళ్లు పెడుతుండగా చినుకులు మొదలయ్యాయి. ఆ ఆసామి కృతజ్ఞతలేమీ చెప్పలేదు, మాది ఏ ఊరని మాత్రం అడిగాడు. ఆయన భార్య చెంబుతో నీళ్లు పోస్తే చేతులు కడుక్కుని కారెక్కాం. ఆ తర్వాత వాన ఎంతగా కమ్మేసిందంటే, ముందు రోడ్డు కనపడక కారు నడిచినట్టే వెళ్లింది. అరగంట కాస్తా గంటన్నర అయింది.

మేం చేరేసరికి వాకిట్లో మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పోయి ముప్పావుగంట అయిందని ఎవరో మెల్లగా నాన్నకి చెప్పారు.

నాయనమ్మ లోపలికి వెళ్లి తల దగ్గర కూర్చుంది. ముఖం నిమరడానికి చెయ్యి చాచి, మధ్యలో ఆపేసింది. రెండు చేతులూ వెనక్కి తీసుకుని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది.

"కారం చేతులు అన్నయ్యా," అంది.

ఇరవై మూడేళ్ల తర్వాత ఆవిడ అన్నతో మాట్లాడింది ఆ ఒక్క మాటే. కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. తుడుద్దామంటే అమ్మవీ నావీ అవే చేతులు. అప్పుడు కాళ్ల దగ్గర నుంచి ఒకావిడ లేచి వచ్చి, తన పమిటచెంగుతో నాయనమ్మ కళ్లు తుడిచి పక్కనే కూర్చుండిపోయింది. మా నాన్నకి ఇవ్వని పిల్ల ఆవిడే.

ఆపకుండా వెళ్లాల్సిందని నాన్న ఎన్నో ఏళ్లు అంటూనే ఉన్నాడు. నాయనమ్మ ఎప్పుడూ అనలేదు. ఆవిడ పోయే ముందు ఏడాది నేనే ఒకసారి ఆ మాట అడిగాను.

"వెళ్లగానే దారిలో కాయ ఎట్టా ఉందని అడిగేవాడు. తడుస్తుంటే చూసుకుంటూ వచ్చామని చెప్పనా?" అంది. అని, అటు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని నాకు తెలుసు.

ఇప్పుడు రోడ్డు ఎత్తు పెరిగింది, ఊళ్ల బయట నుంచే పోతుంది. కల్లాలు ఎక్కడో కింద, ఎవరో ఆరేసిన చీరల్లా కనిపించి వెనక్కి పోతాయి. మబ్బు పడితే అద్దాలెత్తుకుంటాం. ఆ రోజు పరీక్షలని మాతో రాకుండా హాస్టల్లో ఉండిపోయిన మా తమ్ముడు ఇప్పుడు ఒంగోలులోనే ఉంటాడు. మేమిద్దరం మాట్లాడుకుని తొమ్మిదేళ్లయింది. కారణం చెబితే మీరు నవ్వుతారు. గుంటూరు నుంచి వాడి ఇంటికి రెండు గంటలు కూడా పట్టదు, మధ్యలో ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. ఇంకా బయల్దేరలేదు.