సముద్రం మీద మా ఊరి చప్పట్లు

సముద్రాన్ని తవ్వడానికి మా ఊరు ఒప్పుకున్నదని రాసుకుపోయారు. మా ఊళ్లో సగం మంది సముద్రం ముఖం చూడలేదు. చూసిన వాళ్లు కూడా ఒడ్డున నిలబడి కాళ్లు తడుపుకుని వచ్చిన వాళ్లే. మనది కాని దాన్ని తవ్వుకొమ్మని చెప్పడానికి మనం ఎవరం? పోనీ, ఆ మాట మా నోటితోనైనా చెప్పించారా అంటే అదీ లేదు. చప్పట్లతో చెప్పించారు. అన్యాయమంటే ఇదే.

మాది పినపాక దాటినాక అడవి అంచున ఉన్న ఊరు. బయటి మనిషి వచ్చి నాలుగు మాటలు చెప్పి ముగిస్తే చప్పట్లు కొట్టడం మాకు మర్యాద. ఆయన చెప్పింది నచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. దోమల మందు గురించి చెప్పినా కొడతాం, ఓటు గురించి చెప్పినా కొడతాం, మైకు పనిచెయ్యక ఒక్క ముక్క వినపడకపోయినా కొడతాం. ఇంటికొచ్చిన వాడికి మంచినీళ్లు ఇవ్వడం లాంటిది అది. మంచినీళ్లు ఇచ్చినంత మాత్రాన ఇల్లు రాసిచ్చినట్టా?

అవతలి వాళ్లకు మాత్రం అట్లాగే లెక్క. నాకు మీసాలు నల్లగా ఉన్న రోజుల్లో బొగ్గు గని కోసం వచ్చిన వాళ్లు షామియానా వేసి, "మీ వాగు పక్కన తవ్వితే మీ ఇళ్లల్లో రాత్రింబవళ్లు కరెంటు" అన్నారు. మర్యాద కొద్దీ చప్పట్లు కొట్టాం. ప్రజలు సంతోషంగా అంగీకరించారని రాసుకున్నారు. అబద్ధం ఎందుకు, ఆ గనిలో మా తమ్ముడికి నౌకరీ దొరికింది. వాడి పిల్లలు ఆ జీతం మీదనే పెరిగారు. కానీ వాగు పోయింది. మట్టికుప్పలు దాన్ని పక్కకు నెట్టేశాయి, మిగిలిన కాసిని నీళ్లు నల్లబడ్డాయి. కరెంటు ఎటో పట్నాలకు పోయింది. మా బల్బు ఇప్పటికీ గాలివాన వస్తే కన్నుమూస్తుంది.

ఆ వాగులో మేము బుట్టలు పెట్టి చేపలు పట్టేవాళ్లం. వాగు పోయాక మా కంచంలోకి చేప సముద్రం నుంచి రావలసి వచ్చింది. తెచ్చింది కాకినాడ అవతల ఏదో పల్లె నుంచి వచ్చే ఎండుచేపలావిడ. మొదట ఆమె అత్త వచ్చేది, ఆ తర్వాత ఈమె. చింతపండు రాలే నెలల్లో భద్రాచలంలో కిరాయి గదిలో ఉండి, చుట్టుపక్కల సంతలన్నీ తిరుగుతుంది.

ఆమెతో మా బేరం రాళ్లు లేని తూకం. త్రాసులో ఒక తట్టలో మా చింతపండు, ఇంకో తట్టలో ఆమె నెత్తళ్లు, వేలెడంత ఎండుచేపలు. ముల్లు నిలబడితే బేరం కుదిరినట్టు. ఆ తర్వాత కొసరు. ఆమె ఒక గుప్పెడు చేపలు మా సంచిలో వేస్తుంది, మేము ఒక గుప్పెడు చింతపండు ఆమె గంపలో వేస్తాం. గూడేల నుంచి దిగి వచ్చే కోయ ఆడవాళ్లకు ఆమె మాట తెలియదు, ఆమెకు వాళ్ల మాట తెలియదు. కానీ కొసరు అందరికీ తెలుసు. కొసరు లేకుండా లేస్తే తగాదా పడి లేచినట్టే.

నేను బడికి పోలేదు. ఆమె అత్త కట్టిచ్చిన పొట్లాల కాగితాలు విప్పి, మరకల మధ్య అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. తుఫాన్లు, వేట నిషేధాలు, పడవల గొడవలు, ఆ ఊళ్ల వార్తలన్నీ చేపల వాసనతోనే నా తలలోకి ఎక్కాయి. అందుకే సముద్రం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

ఈ ఏడు మొదటి సంతలోనే ఆమె కొసరు చిక్కిపోయింది. నేను ఊరుకోలేదు.

"ఏందమ్మా, చెయ్యి గట్ల ముడుచుకున్నది? మీ అత్త గుప్పెడు గంపంత ఉండేది."

"మా అత్త రోజుల్లో ఒడ్డు ముందే చేపలు పడేవి అన్నయ్యగారూ" అన్నది ఆమె. "ఇప్పుడు సముద్రంలో తవ్విన నూనె బావుల చుట్టుపక్కల వల వెయ్యనివ్వట్లేదండి. వాటిని చుట్టు తిరిగి లోపలికెళ్లాలి. పట్టిన చేపంతా ఇంజనుకి డీజిల్ పొయ్యడానికే సరిపోతంది. ఇంకా కొత్తయి తవ్వుతారంట. తవ్వితే మా పడవ ఇంక ఒడ్డెక్కేసినట్టే. వచ్చే ఏడు నేను మీకు కనపడను."

ఆ మాట నా చెవిలో ఉండగానే మా పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు పెట్టారు. రైతుల మేలు కోరే సంఘమట. ఇస్త్రీ నలగని చొక్కాతో ఒకాయన వచ్చి అందుకున్నాడు.

"డీజిల్ ఎందుకు ఇంత ధర ఉంది? మన సముద్రంలోనే నూనె ఉంది. తవ్వనివ్వరు! తాబేళ్లంటారు, చేపలంటారు. నేను మిమ్మల్నే అడుగుతున్నా. మీ ట్రాక్టర్ పెద్దదా, తాబేలు పెద్దదా? తవ్వితే ధర తగ్గొచ్చు, మీ దుక్కి ఖర్చు తగ్గొచ్చు."

అందరూ నవ్వారు, అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది మా తమ్ముడి చిన్న కొడుకు. వాడు ట్రాక్టరు కిరాయికి తిప్పుతాడు. నేను చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాను.

"అయ్యా, సముద్రం తవ్వితే మా బంకుల ఎంత తగ్గుతది? ఎప్పుడు తగ్గుతది?"

"కూర్చోండి పెద్దాయనా. దేశం కోసం ఆలోచించాలి."

"దేశం కోసమే అడుగుతున్న. చేపలు పట్టెటోళ్లు ఏ దేశపోళ్లు?"

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "తాతకు నెత్తళ్ల పులుసు బంద్ అయితదని రంది!"

మళ్లీ నవ్వులు. ఆయన కూడా నవ్వి, నా చేతిలో ఫోన్ నంబరున్న చీటీ పెట్టి, "మీ ప్రశ్నకు జవాబు కనుక్కుని చెప్తాను" అన్నాడు. ఆయన వెంట వచ్చిన మనిషి అప్పటికే మా చప్పట్లను ఫోన్‌లో పట్టుకుని, "ఈ గ్రామం ముక్తకంఠంతో తవ్వకాలను కోరుతోంది" అని దానికి మాటలు జోడిస్తున్నాడు. మా కంఠం ఆయన ఎప్పుడు విన్నాడో!

ఇంటికొచ్చి మా వాడిని నిలదీశాను.

"ఎందుకు కొట్టినవ్ రా?"

"ఎందుకేంది పెదనాయనా? కిరాయి పెంచితే ఊరు తిడతది, పెంచకుంటే బండి షెడ్డుల పంటది. పొద్దున లేస్తే దేవుని ముఖం కంటే ముందు బంకు ముఖం చూస్తున్న. తగ్గుతదంటే కొట్టనా? నీకేంది, నడిచి పోతవ్, నడిచి వస్తవ్."

వాడు చెప్పింది అబద్ధం కాదు. మా ఊళ్లో దుక్కి డీజిల్ మీదనే, ఖమ్మం మార్కెట్‌కు పోయే మిర్చి డీజిల్ మీదనే. ఆ మాటకొస్తే ఆమె చేపల మూటలు మా దాకా వచ్చే బస్సూ డీజిల్ మీదనే. ధర పెరిగితే మాకు నొప్పి లేదని నేను అనను. కానీ తూకమన్నాక రెండు తట్టలూ కనపడాలి. వచ్చినాయన ఒక తట్టే చూపించి రెండోదాని మీద గుడ్డ కప్పాడు. చూపించిన తట్టలోనైనా సరుకు ఉన్నదా? సరుకు వస్తుందన్న మాట ఉన్నది. ఒక మనిషి సముద్రానికి ఎదురుగా ఒట్టి మాట పెట్టి, ముల్లు నిలబడిందంటే నేను నమ్మాలా? సంతలో ఏ చిన్నపిల్లా నమ్మదు ఆ త్రాసును.

తర్వాతి సంతకు చింతపండు మూట మోయడానికి మా వాణ్ని వెంట తీసుకుపోయాను. తూకం అయింది. ముల్లు నిలబడింది. ఆమె గుప్పెడు నెత్తళ్లు తీసి నా సంచిలో వేసింది. కిందటిసారి కన్నా కాస్త ఎక్కువే వేసింది. ఆ గుప్పెడు చూశాక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"అమ్మా, మా ఊరు మొన్న చప్పట్లు కొట్టింది. మీ సముద్రంల కొత్త బావులు తవ్వాలన్నందుకు."

ఆమె నా ముఖం చూసింది. మా వాడి ముఖం చూసింది. వాడు తల దించుకున్నాడు.

"మీరు కూడానా అన్నయ్యగారూ?"

"నేను కొట్టలే. ఊరు కొట్టింది."

ఆమె తిట్టలేదు. సంచిలో చెయ్యి పెట్టి, కొసరేసిన గుప్పెడు మళ్లీ తీసుకుని తన గంపలో పోసుకుంది.

"తూకం తూకమేనండి, అది మీదే. పట్టుకెళ్లండి. కొసరు చప్పట్ల కిందే చెల్లిపోయింది."

నేను గుప్పిట్లో పట్టుకున్న చింతపండు ఆమె గంపలో వెయ్యబోయాను. ఆమె గంప మీద గోనెపట్టా లాగేసింది. పక్కన బేరమాడుతున్న కోయ ముసలమ్మ మాటలేవీ అర్థం కాకపోయినా ఆ పట్టాను చూసింది, మమ్మల్ని చూసింది, తన ఇప్పపువ్వు బుట్టను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఇన్నేళ్లలో మా ఊరి వాళ్లు కొసరు లేకుండా ఆ గంప ముందు నుంచి లేవడం అదే మొదలు.

బస్టాండు కాడ మా వాడు చేపల సంచి దించి, "ఆ చీటీ ఏది పెదనాయనా? ఎంత తగ్గుతదో అడుగుదాం. గట్టిగ చెప్తే సరే. చెప్పకుంటే నా చప్పట్లు నాకు వాపస్ ఇయ్యమందాం" అన్నాడు.

"చప్పట్లు వాపస్ ఎట్ల ఇస్తరు రా?"

"ఆమె చేపలు వాపస్ తీసుకోలే?"

ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నామన్నారు. ఇంకోసారి చేస్తే సార్ టూరులో ఉన్నారన్నారు. మా వాడు విడవలేదు. ట్రాక్టరెక్కినా అదే పని, దిగినా అదే పని. ఊళ్లో వాళ్లు, "ఏందిరా, పిల్లను చూస్తున్నవా, గంత ఫోను?" అని ఆటపట్టించారు కూడా. చివరికి ఒక పొద్దున బంకులో డీజిల్ కోసం లైనులో ఉండగా ఆయనే ఎత్తాడు. మా వాడు స్పీకరు పెట్టి ఫోన్ నా నోటి ముందు పట్టుకున్నాడు. ముందున్న బండి వాళ్లు కూడా ఇంజన్లు ఆపి చెవులు ఇటు వేశారు. నేను అదే ప్రశ్న అడిగాను. తవ్వితే ఎంత తగ్గుతుంది, ఎప్పుడు తగ్గుతుంది, తగ్గకపోతే ఆ సముద్రపు వాళ్లకు ఎవరు జవాబు చెప్తారు? ఆయన మంచి మర్యాదగా జవాబిచ్చాడు.

"పెద్దాయనా, తగ్గుతుందని నేను ఎప్పుడూ చెప్పలేదు. తగ్గొచ్చు అన్నాను. చప్పట్లు కొట్టింది మీరే కదా."