మటన్ అని చెప్పిన డబ్బా

నాకు అక్షరాలు నేర్పింది నా మనవరాలే. తన పుట్టినరోజుకు పంది మాంసం కావాలంది. కొవ్వున్న ముక్కల్ని సోయా సాస్, వెల్లుల్లి, బెల్లంలో నానబెట్టి కాల్చి, లెట్యూస్ ఆకుల్లో చుట్టుకొని తినాలట. చేసే తీరు కాగితం మీద రాసిచ్చింది. నేను చదివి చేసే మొదటి వంట అది.

కరీంనగర్‌లో మాంసం నానబెట్టి, ఆకులు కొని, మంచిర్యాలలో కూతురింటికి బస్సెక్కాను. సుల్తానాబాద్ దగ్గర బస్సు చెడిపోయింది. ఎండకు ఆకులు నా ఒళ్ళోనే వాడిపోతున్నాయి. ఈ ఎండ సంగతి కాగితంలో లేదు. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

"డబ్బాల ఏముంది బిడ్డా?" అంది పక్క సీటు ముసలామె.

"మటన్, అవ్వా."

పంది అంటే పక్కవాళ్లు లేచిపోతారని మా ఇంట్లో అందరం బస్సులో అట్లాగే చెబుతాం.

ఆమె తను తాగే నీళ్లతో తువ్వాల తడిపి, ఆకులు అందులో చుట్టి నా చేతిలో పెట్టింది. బస్సు బాగై పెద్దపల్లి చేరాక, దిగబోతూ నా చెవి దగ్గర వంగింది.

"మటనైతే నూనె పొయ్యాలె. పందైతే పొయ్యకు బిడ్డా. సన్న మంట మీద పెడితే దాని కొవ్వులనే అది కాల్తది."

తువ్వాల తిరిగి అడగకుండానే దిగిపోయింది.

సాయంత్రం నూనె లేకుండానే కాల్చాను. మనవరాలు నాలుగో ఆకు చుడుతూ అంది, "రెండు చెంచాల నూనె అని రాసిన గదా అమ్మమ్మా, ఎవరు వద్దన్నరు?"

"బస్సుల ఒక అవ్వ."

"పేరేంది?"

అడగలేదు. ఆ తువ్వాల ఇప్పటికీ మా దండెం మీదే ఉంది. ఉతికినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది.