ట్రయల్ పేరుతో ఇసుక మోయించుకున్నాడు

ఒళ్లంతా ఇసుకే. స్నానం కూడా చేయకుండా ఇది రాస్తున్నాను, అంత కోపంగా ఉంది.

గనిలో తట్టలతో బొగ్గు నింపే పని వదిలి లారీ తోలాలని నాకు ఎప్పటి నుంచో ఆశ. లైసెన్సు కూడా సంపాదించాను. గోదావరిఖనిలో కొత్త క్వార్టర్లు కడుతున్న కాంట్రాక్టరు ఒకాయన మంచి జీతమిచ్చి డ్రైవర్ని పెట్టుకుంటాడని మా బావ చెబితే, ఈ రోజు డ్యూటీ మానుకొని పొద్దున్నే వెళ్లాను.

నడిపి చూపించమని తాళం ఇచ్చాడు. గోదావరి ఒడ్డు నుంచి ఇసుక లోడు తెచ్చాను. బాగా తోలావు, ఇంకోటి తెమ్మన్నాడు. మధ్యాహ్నం దాటినా ట్రయల్ ముగియలేదు. తాగడానికి చాయ్ కూడా లేదు.

చివరికి ఇసుక ఎత్తే అవ్వ జాలిపడి చెప్పింది. "నీ అసొంటోడు రోజుకొకడు వస్తడు బిడ్డా. పొద్దుగూకంగనే పనిలేదని పంపిస్తడు. గీ లారీకి జీతపు డ్రైవరే లేడు."

నా రక్తం మరిగింది. ఆ లోడుతోనే కాంట్రాక్టరు ఇంటికి పోయి, జీపు బయటికి రాకుండా గేటుకు అడ్డంగా లారీ ఆపి, తాళం ఆయన చేతిలో పెట్టాను.

"ఏందిరా గిది? నీకు నౌకరి ఇయ్య, పో!" అని అరిచాడు.

"లేని నౌకరి ఎట్లిస్తవ్ సార్? లారీ నువ్వే తీస్కో" అని వచ్చేశాను.

ఆయనకు లారీ తోలడం రాదట. ఇంకా అక్కడే ఉందని ఇప్పుడే బావ చెప్పాడు.

రుచి చూస్తానని కూరకుండ ఖాళీ చేసేవాణ్ని మీ దగ్గర ఏమంటారు? గట్టి తిట్టే చెప్పండి.