పదహారో కిరణం

నాకు సముద్రం పడదు. శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా ఓడెక్కి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన కుటుంబంలో పుట్టాను. అయినా పడవెక్కితే చాలు, వాంతులు. మా నాన్న రెండేళ్ళు ఓపిక పట్టి, "పడవ నడపడం నీ వల్ల కాదు గానీ, దాని మీద పేరైనా రాసుకో పో" అని విసుక్కున్నాడు. ఆ విసుగే నాకు బతుకుతెరువు చూపించింది. పోర్ట్‌బ్లెయిర్ డెలానీపూర్‌లో దుకాణాల బోర్డులూ, బండ్ల మీద పేర్లూ, చేపల పడవల మీద నంబర్లూ రాసే ఒక పెద్దాయన దగ్గర పనికి చేరాను. అందరూ ఆయన్ని చాచా అనేవారు. నేనూ అలాగే పిలిచాను.

చాచా ఈ దీవుల్లో పుట్టినవాడు. వాళ్ళ నాన్న కూడా ఇక్కడే పుట్టాడట. ఇంట్లో హిందీయే. మా జాలర్లతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు కొంత పట్టుకున్నాడు. అక్షరం వంకరపోతే తిట్టేవాడు కాదు. గుడ్డపేలిక కిరసనాయిల్లో ముంచి నా చేతికిచ్చేవాడు, తుడిచెయ్యమని. ఆ గుడ్డ అందుకోవడం కంటే చెంపదెబ్బ నయమనిపించేది.

ఆయన కొట్లో ఒక పద్ధతి ఉండేది. శిష్యుడు ఎంత పెద్ద పని చేసినా చివరి గీత ఒకటి ఉస్తాదుకి వదలాలి. "ఏక్ లైన్ నాకీ ఉంచు" అనేవాడు. ఆయన ఆ గీత గీస్తే పని నెగ్గినట్టు. బ్రష్ ముట్టుకోకపోతే పని చెడినట్టే, మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. ఈ సంగతి మా బజార్లో టీ కొట్టువాడి దగ్గర్నుంచి అందరికీ తెలుసు. ఆరేళ్ళ తర్వాత కొట్టు నాకప్పగించి, తను పొద్దున్నే వచ్చి ఊరికే స్టూలు మీద కూర్చునేవాడు. పని నాదే అయినా చివరి గీత మాత్రం ఆయనదే.

అప్పుడప్పుడే ఇళ్ళలోకి టీవీలు వస్తున్నాయి. ఆదివారం పొద్దున్న ఒక పౌరాణిక సీరియల్ వచ్చేది. అది వస్తున్నంతసేపూ బజార్లో పురుగు కనబడేది కాదు. మొదట్లో సముద్రం, దాని మీంచి సూర్యుడు లేవడం, కిరణాలు నాలుగు మూలలకీ విచ్చుకోవడం, ఆ తర్వాత కథ. మా వీధి ముసలమ్మలు చెప్పులు విడిచి, ఆ సూర్యుడికి దణ్ణం పెట్టుకుని మరీ కూర్చునేవారు. వీధి మొత్తానికీ ఉన్న ఒక్క టీవీ నలుపు తెలుపుది. మాకు దేవుళ్ళంతా బూడిదరంగులోనే దర్శనమిచ్చేవారు.

మా అక్క భర్త పాత తెల్లకారు ఒకటి ఓడలో తెప్పించి టాక్సీకి పెట్టాడు. ఒకరోజు దాన్ని తెచ్చి కొట్టు ముందు ఆపాడు.

"ఒరే బామ్మర్దీ, సండే టీవీలో వస్తాది సూడు, ఆ సూర్యుడు. బానెట్ నిండా ఏసీ. పోర్ట్‌బ్లెయిర్‌లో ఇంకే గాడీకీ ఉండకూడదు, సమ్‌ఝా?"

"ఏ రంగెయ్యమంటావు బావా?"

"పెయింటర్‌వి నువ్వా నేనా?"

ఆ మాటతో నేను కాస్త ఉబ్బాను. ఎరుపు ఎంచుకున్నాను. తెలుపు మీద ఎరుపైతే వీధి చివరి నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది కదా. చాలా ఏళ్ళకి ఆ సీరియల్ రంగుల టీవీలో చూశాను. సూర్యుడు పసుపు, వెనక ఆకాశం నీలం. తెలుపూ ఎరుపూ పూర్తిగా నా తెలివే.

బానెట్ మధ్యలో ఎర్రటి గుండ్రం వేశాను. దారం పట్టి చుట్టూ ఉన్న చోటుని సగానికి సగం, మళ్ళీ సగం చొప్పున పంచుకుంటూ పోతే కిరణాలు పదహారు తేలాయి. ఒక్కొక్కటీ అంచుకి వెళ్ళేకొద్దీ వెడల్పయ్యేలా దిద్దాను. మూడు రోజుల పని. చాచా జ్వరమొచ్చి సిప్పీఘాట్‌లో తన ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ఇదేమీ చూడలేదు. పదిహేను కిరణాలు పూర్తి చేసి, పదహారోది ఆయన కోసం వదిలేశాను.

నాలుగో రోజు పొద్దున్న వచ్చాడు. బావ, టీ కొట్టు జనం కారు చుట్టూ మూగి ఉన్నారు. చాచా బానెట్ చూసి ఆగిపోయాడు.

"సూసినావా, చాచాకి నోట మాట రాలేదు!" అని బావ నవ్వాడు. నేనూ అలాగే అనుకున్నాను. బ్రష్ ఎర్రరంగులో ముంచి, చెయ్యి చాపి నిలబడ్డాను.

"చాచా, ఆఖ్రీ లైన్. మీదే."

ఆయన నా వంక చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు. తర్వాత బ్రష్ అందుకుని, వంగి, ఆ కిరణం గీశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన బ్రష్ కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టి, "బుఖార్ హై, జ్వరం" అని చెప్పి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు వారాలు రాలేదు. ఆ పనికి ఒక్క మెచ్చుకోలు మాటైనా అనలేదని నాకు ఉక్రోషం. ముసలాయనకి నా మీద కన్నుకుట్టిందని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతూనే ఉన్నాను. చివరికి ఉండబట్టలేక బావ కారులోనే సిప్పీఘాట్ వెళ్ళాను.

గేటు దగ్గర ఆపేసరికి చాచా కూతురు పరుగున వచ్చింది. "భయ్యా, గాడీ వెనక్కి తీయ్, జల్దీ! అబ్బాజాన్ కిటికీ దగ్గరే ఉన్నారు!"

ఎందుకు దీదీ అని అడిగాను. అప్పుడు చెప్పింది. యుద్ధకాలంలో జపాన్ సైన్యం ఈ దీవుల్ని ఆక్రమించుకుని ఉన్నప్పుడు చాచాకి తొమ్మిదేళ్ళు. ఒక పొద్దున్న ఇంటి ముందు లారీ ఆగింది. గూఢచారి అని చెప్పి ఆయన తండ్రిని అందులో ఎక్కించారు. ఆ మనిషి మళ్ళీ రాలేదు, శవమూ దొరకలేదు. లారీ ముందు ఒక జెండా కట్టి ఉంది. తెల్లటి గుడ్డ మీద ఎర్ర సూర్యుడు, అన్ని వైపులా ఎర్ర కిరణాలు.

కారు కిటికీకి కనబడకుండా వెనక్కి తీసి వచ్చాను. జపాన్ కాలం సంగతి మేము విననిది కాదు. ఓడ ఆలస్యమై బియ్యం నిండుకుంటే "జపాన్ టైం వచ్చేసింద్రోయ్" అని మా ఇళ్ళలో నవ్వుకునేవాళ్ళం. చాచా ముందే నేనెన్నిసార్లు అన్నానో లెక్కలేదు. వెనక వచ్చినవాళ్ళం, మాటొక్కటే నేర్చుకున్నాం. అది అనుభవించినవాళ్ళు పక్కనే ఉన్నా అడగలేదు.

లోపలికెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. "తెలిసి కూడా ఎందుకు గీశారు చాచా?" అన్నాను.

"సబ్ దేఖ్ రహే థే, బేటా. అందరూ చూస్తా ఉన్నారు. నేను బ్రష్ పట్టకపోతే నీ పని ఖరాబ్ అంటారు. నీ పని ఖరాబ్ లేదు."

కొట్టుకి రమ్మని బతిమాలాను. "దేఖేంగే, చూద్దాం" అని నా తల నిమిరాడు. రాలేదు. మళ్ళీ బ్రష్ పట్టలేదు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు.

సిప్పీఘాట్ నుంచి తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నమే బానెట్ గీకడం మొదలుపెట్టాను. బావ మొదట కస్సుమన్నాడు గానీ, సంగతి విన్నాక తనూ ఒక గరుకు కాగితం తీసుకుని పక్కన చేరాడు. పదహారో కిరణం మాత్రం నేనే గీకుతానన్నాను. దగ్గరికి వంగి చూస్తే నా పదిహేనింటి అంచులూ అక్కడక్కడా వంకర. ఆయనది గుండ్రం నుంచి బానెట్ కొస దాకా దారం పట్టినంత తిన్నగా ఉంది. ఆ చెయ్యి ఒక్కచోటైనా వణికి ఉంటే, ఏమైంది చాచా అని ఆ రోజే అడిగి ఉండేవాణ్ణేమో.